కుడి వెనక చక్రం

సోమవారం

బేరింగుల షాపువాడు ఈ డైరీ ఇచ్చాడు. సంవత్సరం మొదట్లో ఇవ్వాల్సింది, మూడో నెలలో ఇచ్చాడు. "రాసుకో పెద్దాయనా, నువ్వు చేసే వెధవ పనులన్నీ" అన్నాడు. "అయితే ఇంకో రెండియ్యి, ఇది చాలదు" అన్నాను. నేను చదివింది నాలుగో తరగతి. అందులో రెండోది రెండుసార్లు చదివాను. అయినా రాస్తాను. దిద్దేదెవరు గనక.

ఈ రోజు సంగతి. సాయంత్రం కోడలు బండి తెచ్చి షెడ్డు ముందు ఆపి, దిగకుండానే అంది: "మామయ్యా, వెనక చక్రం అరుస్తోంది."

"ఎవరి పేరు పెట్టి అరుస్తోందే? నాదా, మీ అత్తదా?"

"హూఁ... అంటోంది. యాభై దాటితే మొదలు. ఎనభైకి పోతే ఏడుపే."

ఏడుగురు కూర్చునే బండి అది. ఎత్తు, బరువు, మొండితనం అన్నీ ఎక్కువే. ఏనుగు అంటాం. మంగళ, గురు, శనివారాలు కోడలు దాన్ని కొండ రోడ్డు మీదుగా పెద్దాసుపత్రికి తోలుతుంది. కిడ్నీలు పాడై మెషీను మీద రక్తం శుద్ధి చేయించుకునేవాళ్ళు ఐదుగురు అందులో వెళ్తారు.

దాని కుడి వెనక బేరింగు మూడు వారాల కింద మార్చింది నేనే. మావాడు వేరే బండి కింద పడుకుని ఉన్నాడని నేనే విప్పాను, నేనే ఎక్కించాను. కాబట్టి అక్కణ్ణించి శబ్దం రాదు.

అయినా ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చాను. ఏమీ లేదు. "టైర్లు అరిగాయి, అదే గోల" అని చెప్పాను. కోడలు నా వంక అదోలా చూసింది. ఆవిడెప్పుడూ అలాగే చూస్తుంది, నేను హాస్యమాడతానని.

బుధవారం

మావాడు వెనక టైర్లు ముందుకీ ముందువి వెనక్కీ వేశాడు. టైరుదే శబ్దమైతే దాంతోపాటు ముందుకి రావాలి. రాలేదట. వెనకే ఉందట. కోడలు చెప్పింది. కోడలు కాబట్టి మావాడు నమ్మాడు. నాకైతే ముందూ లేదు, వెనకా లేదు.

మావాడు చెయ్యి తుడుచుకుంటూ అడిగాడు. "కొత్త కాలరే వేశావు కదా నాన్నా?"

"వెయ్యక పులుసు పెట్టుకు తింటానా?"

నవ్వి వెళ్ళిపోయాడు. ఇక్కడ అబద్ధం రాస్తే కాగితం దండగ. పాతదే వేశాను. బేరింగు జారిపోకుండా దాని పక్కన, చక్రాన్ని తిప్పే షాఫ్టు మీద బిగుతుగా కూర్చునే ఇనప కట్టు, దాన్నే కాలరంటాం. ఈ కాలం పిల్లలు దాన్ని ఉలితో చీల్చి పారేసి కొత్తది ప్రెస్సు మిషనుతో నొక్కి దించుతారు. నేను నా గురువు దగ్గర నేర్చుకున్నవాణ్ణి. గ్యాసు మంటతో కాల్చి, చిన్న గీత కూడా పడకుండా లాగి, మళ్ళీ కాల్చి నీలం రంగు రాగానే టక్కున వేస్తా. నా చేతిలో ఒక్క కాలరు విరగలేదు. ఆ రోజుల్లో కొత్తవి దొరికేవి కావు, అందుకని అలా నేర్పాడాయన. ఇప్పుడు బేరింగు డబ్బాలోనే ఇస్తున్నారు. ఆ కొత్తది నా రేకు పెట్టెలో ఉంది. ఎప్పుడైనా పనికొస్తుంది.

మనవరాలు ఒళ్ళోకెక్కి చెవిలో రహస్యం చెప్పింది. దానికి ఏడేళ్ళు, రహస్యాల పుట్ట. "అమ్మో! అవునా! ఎవరికీ చెప్పన్లే" అని కళ్ళు పెద్దవి చేశాను.

"నేనేం చెప్పలేదు తాతా. ఊరికే ఊదాను."

"నాకు తెలుసే, నేనూ ఊరికే అన్నాను."

అది నవ్వలేదు. నా చెవిలోకి తొంగి చూసింది, ఏదో పడిపోయినట్టు.

శుక్రవారం

ఈ రోజు శబ్దం లేదు. కోడలు బండి తియ్యలేదు.

శనివారం

ఆసుపత్రి ట్రిప్పుకి నేనూ ఎక్కాను. కోడలే రమ్మంది. "మీ చెవి అక్కడ పెడితే తేలిపోతుంది మామయ్యా" అని. ఊళ్ళో అందరూ అదే అంటారు. ఎక్కడెక్కడినించో బళ్ళు తెచ్చి, ముసలాయన్ని ఓ రౌండు కూర్చోబెట్టండి చాలు అంటారు. షెడ్డులో పానా పట్టే పని నాకిప్పుడు లేదు. ఒక కుర్చీ ఉంది. ఆ కుర్చీ చెవికిచ్చారు, నాకు కాదు.

వెనక సీట్లో నా పక్కన రిటైరైన హెడ్మాస్టరు కూర్చున్నాడు. మనిషి పుల్లలా అయ్యాడు గానీ నోరు ఇంకా బెత్తంలాగే ఉంది.

"ఏం పెద్దాయనా, ఈ సంగీతం ఏ రాగమంటారు?" అన్నాడు కొండ ఎక్కుతుండగా.

"ఏ సంగీతం?"

"అరె, నా సీటు కింద తంబూరా మోగుతుంటే!"

మిగతా నలుగురూ తలలూపారు. నేనూ ఊపాను. "ఆఁ, వినబడకేం" అన్నాను.

కోడలు అద్దంలోంచి అడిగింది. "ఎడమ మలుపుల్లో ఎక్కువవుతోంది చూశారా? కుడి మలుపుల్లో తగ్గుతోంది."

ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. బరువు పడ్డప్పుడు అరిచేది బేరింగు. ఈ పని మొదటి ఏడాది నేర్చుకున్నవాడికి కూడా తెలుసు.

"యాక్సిలరేటరు మీంచి కాలు తీసి చూడు" అన్నాను. "తగ్గిందా?"

"లేదు. అలాగే ఉంది."

వెనక ఇరుసు నడుమ ఉండే పళ్ళ చక్రాల డిప్ప డిఫరెన్షియల్. అందులో పళ్ళు అరిగితే కాలు తీయగానే శబ్దం మారాలి. మారలేదంటోంది.

"డిఫరెన్షియలే" అన్నాను.

ఎందుకన్నానో రాయను.

ఆదివారం

మావాడు నా మాట మీద డిఫరెన్షియల్ విప్పాలని నిర్ణయించాడు. చిన్న పని కాదు, రెండు రోజులు బండి పైకెత్తి ఉంచాలి. వచ్చే ఆదివారం దాకా కుదరదన్నాడు. అంతదాకా మెల్లగా తోలమన్నాడు పెళ్ళాన్ని. మెల్లగా అంటే కొండ మీదనించి దిగేటప్పుడూ మెల్లగానే కదా. ఐదుగురు. కోడల్తో ఆరుగురు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే షెడ్డుకి వెళ్ళాను. కుడి వెనక జాకీ పెట్టి చక్రం లేపాను. పొడుగు స్క్రూడ్రైవరు కొన బేరింగు కూర్చునే హౌసింగుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, రెండో చేత్తో చక్రం తిప్పాను. మా గురువు నేర్పిన డాక్టరు గొట్టం అది. ఏమీ లేదు. చక్రం మంచిదన్నట్టు.

అప్పుడు పిడి పళ్ళ మధ్య పెట్టి కరిచాను.

పళ్ళు గడగడలాడాయి. ఇసక నమిలినట్టు.

ఎడమ చక్రానికి కూడా చేశాను. నున్నగా తిరిగింది. మళ్ళీ కుడిది. మళ్ళీ ఇసక.

సోమవారం

అవి కట్టుడు పళ్ళు. కొంచెం వదులు కూడా. అలాగే వణుకుతాయి.

సోమవారమే, సాయంత్రం

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినంత మాత్రాన లోకం చీకటైపోదు. మళ్ళీ వెళ్ళాను. ఈసారి పళ్ళు తీసి జేబులో పెట్టుకున్నాను, సాకు లేకుండా. కుడి పక్క కాయిలు స్ప్రింగు చుట్టూ అరచెయ్యి మూసి చక్రం తిప్పాను. చేతికి కళ్ళూ చెవులూ లేవు కాబట్టి అబద్ధం చెప్పదు. స్ప్రింగు సన్నగా జలదరిస్తోంది, జ్వరం మనిషి మణికట్టు పట్టుకున్నట్టుంది. ఎడమది పట్టుకుంటే చచ్చిన ఇనుము.

చక్రం లోపలి వైపు తడి. వాసన చూశాను. గేరాయిలు. దాన్ని బయటికి రాకుండా ఆపే సీలు పోయింది. చక్రాన్ని రెండు చేతులా పట్టి బయటికి లాగాను. కదిలింది. పక్కలకి కాదు, బయటికి. కాలరు పట్టు వదిలిందన్నమాట. కాల్చిన ఇనుము, రెండోసారి కూడా కాల్చాను. ఆ వేడి పక్కనున్న కొత్త బేరింగు గ్రీజుని కూడా కాల్చేసి ఉంటుంది. అందుకే అరుపు. అరుపు సంగతి అలా ఉంచు. కాలరు పూర్తిగా జారితే షాఫ్టూ చక్రమూ కలిసే బయటికి వచ్చేస్తాయి. దాన్ని ఆపేది ఇంకేం లేదు.

రేపు మంగళవారం.

ఇంట్లో భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను. మావాడు ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు. "మా నాన్న చెవి పెట్టాడంటే ఎక్స్‌రే తీసినట్టే." నాకు ఎలా తెలిసిందంటే వాడు నా ఎదురుగా కూర్చుని, నా చెవి వైపు చూపిస్తూ అన్నాడు. పెదాలు చదివాను.

చెప్పలేదు.

మంగళవారం

ఈ రోజు సంగతి మొత్తం రాస్తాను.

పొద్దున్నే లేచి బండి తాళం తీసి బొడ్లో దోపుకున్నాను. రెండోది కూడా. నాకు తోచింది అదే. తాళాలు దాచడం నాకు కొత్త కాదు. ఈ ఇంట్లో చెప్పులు, దువ్వెనలు, కళ్ళజోళ్ళు ఎన్ని దాచానో.

ఆరింటికి కోడలు వాకిట్లోకొచ్చింది. "మామయ్యా, తాళం."

చెవి దగ్గర చెయ్యి పెట్టాను. "ఏ దారం?"

"అబ్బా, మీ చెవుడు నాటకం తర్వాత ఆడుకుందాం. వాళ్ళు గేట్ల దగ్గర నిలబడుంటారు."

నలభై ఏళ్ళుగా ఆడుతున్న నాటకం అది. మా ఆవిడ పని చెబితే వినబడదు, టీ అంటే పక్క వీధిలోంచి వినబడుతుంది. అందరికీ తెలిసిన జోకు. ఏడాది నించీ నేను దాని వెనకే దాక్కున్నాను.

మా ఆవిడ చీపురుతో వచ్చింది. "పొద్దున్నే ఏమిటీ కోతి వేషాలు? ఇచ్చెయ్యండి పిల్లకి."

"బండి వెళ్ళదు."

"ఎందుకెళ్ళదు?" అంది కోడలు.

"చక్రం ఊడుతుంది."

మావాడు పళ్ళు తోముకుంటూ నవ్వాడు. నురగ గడ్డం మీదకి కారింది. "మొన్న టైర్లన్నావు. నిన్న డిఫరెన్షియల్ అన్నావు. ఈ రోజు చక్రమా? రేపు స్టీరింగు లేదంటావా?"

"నవ్వకురా."

"మామయ్యా, ఇది ఆటలాడే పని కాదు" అంది కోడలు. గొంతు పెంచింది కాబోలు, మెడ నరం కనబడింది. "ఏడున్నరకి మెషీను దగ్గర లేకపోతే వేరేవాళ్ళని కూర్చోబెడతారు. మాస్టారుకి మొన్నటికే కాళ్ళు వాచాయి. ఇవ్వండి."

చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు. నా పక్కనించి వెళ్ళి బండి తలుపు లాగింది. నేను వెళ్ళి కుడి వెనక చక్రానికి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

ముగ్గురూ నవ్వారు. నిజంగానే నవ్వారు. వాళ్ళ తప్పు కాదు. నేను ఏడ్చినా నాటకమే అనుకునేలా పెంచాను వాళ్ళని.

"నాకు వినబడట్లేదు" అన్నాను.

"ఏంటి నాన్నా?"

"నీకూ చెవుడేనా? నాకు వినబడట్లేదురా. ఆ శబ్దం నాకు ఒక్కసారి కూడా వినబడలేదు. ఏడాదిగా ఏ బండిదీ సరిగ్గా వినబడట్లేదు. తోలేవాళ్ళ మాటని బట్టి చెబుతున్నా. ఎవరైనా హూఁ అన్నారంటే బేరింగు, కయ్ అన్నారంటే బ్రేకు."

ఇంకెవరూ నవ్వట్లేదు.

"ఇంకా ఉంది. ఈ చక్రానికి పాత కాలరు వేశాను. కాల్చి. అది జారుతోంది. నిన్న చేత్తో చూశాను."

మావాడు బ్రష్షు అక్కడే పడేశాడు. జాకీ తెచ్చాడు. నన్ను లేవమనలేదు, చంకల కింద చేతులేసి లేపాడు.

కోడలు ఫోను తీసింది. మా షెడ్డు పక్కన లేతు మిషను నడిపే ఆయనకి పెద్ద వ్యాను ఉంది. పావుగంటలో వచ్చాడు. ఆవిడే దాన్ని తోలుకుని వెళ్ళింది. వాళ్ళకి అరగంట ఆలస్యమైంది. కానీ ఐదుగురికీ మెషీను దొరికింది. ఈ సంగతి ముందే రాసేస్తున్నాను, లేకపోతే నాకే ఊపిరాడదు.

ఇక్కడ మావాడు బ్రేకు డ్రమ్ము తీసి నాలుగు నట్లు విప్పాడు. మంచి షాఫ్టయితే బరువు సుత్తితో కొట్టి కొట్టి లాగాలి. వాడు రెండు చేతులా పట్టుకుని ఇలా అన్నాడో లేదో బయటికొచ్చేసింది. షాఫ్టు ఒక్కటే. బేరింగు లోపలే ఉండిపోయింది. షాఫ్టు మీద నా కాలరు నిలబడ్డ చోటినించి వేలెడు దూరం మెరుస్తూ గీత ఉంది, అంత దూరం జారినట్టు.

మావాడు షాఫ్టు పట్టుకుని ఆ గీత మీద బొటనవేలితో రాశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును, ఎదురు ఏదో ఒకటి అనేవాణ్ణి.

"కొత్త కాలరు ఏదీ?" అన్నాడు.

వెళ్ళి రేకు పెట్టెలోంచి తెచ్చిచ్చాను.

మధ్యాహ్నం కోడలు వచ్చింది. షాఫ్టు చూసింది. కాలరు చూసింది. నా కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, నా మొహం ఎదురుగా మొహం పెట్టి మెల్లగా మాట్లాడింది. ఒక్క మాట కూడా పోలేదు.

"వినబడలేదని ఉంటే వేరు మామయ్యా. మీరు శబ్దమే లేదన్నారు. నాకే పిచ్చేమో అనుకున్నాను."



బుధవారం

లేతాయన ప్రెస్సు మీద కొత్త బేరింగు, కొత్త కాలరు ఎక్కించాం. ఎక్కించాం అంటే మావాడు ఎక్కించాడు, నేను చూశాను. కాలరు దిగేటప్పుడు ప్రెస్సు ఒక్కసారి గట్టిగా అరిచిందట. అలా అరిస్తేనే పట్టు ఉన్నట్టు. లేతాయన చెప్పాడు. సీలు కూడా కొత్తది వేశారు.

"గ్యాసు మంట పైపు నీకు అందకుండా పైన కట్టేశాను" అన్నాడు మావాడు.

"నిచ్చెన ఉందిగా."

"నిచ్చెన అమ్మేస్తా."

నిన్నటినించి వాడు నాతో అన్న మొదటి హాస్యం. వాడికి అది హాస్యమో కాదో, నేను మాత్రం లెక్కలో వేసుకున్నాను.

ఇంటికి రాగానే మా ఆవిడ పట్టుకుంది. నిన్నంతా మాట్లాడలేదు. "నలభై ఏళ్ళూ వేషమే అనుకున్నాను. ఎప్పణ్ణించి నిజం?"

"నువ్వు పనిచేస్తూ పాడుకోడం మానేశావు చూడు, అప్పణ్ణించి లెక్కేసుకో."

"నేనెక్కడ మానేశాను?" అంది.

తర్వాత ఆవిడ చెవుల డాక్టరు చీటీ నా జేబులో పెట్టింది. సోమవారం పదింటికి. "తప్పించుకున్నారో, మీ పళ్ళు దాస్తాను" అంది. నాతో కాపరం చేసి అదే నేర్చుకుంది.

గురువారం

ఏనుగు ఈ రోజు పనిలోకి దిగింది. నేనూ వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. వద్దని కూడా అనలేదు. వెనక సీట్లో, కుడి చక్రం మీద కూర్చున్నాను. ఊడితే ముందు నేనే పోవాలని.

మాస్టారు ఎక్కగానే అన్నాడు. "ఏం పెద్దాయనా, మా ప్రాణాలు తీయబోయి మనసు మార్చుకున్నారట?"

"ఖాళీ లేదన్నారు మాస్టారూ పైన. మీలాంటి వాళ్ళు అప్పుడే నిండిపోయారట."

పగలబడి నవ్వాడు. కోపం ఉందో లేదో తెలియదు. నవ్వాడు, అంతే.

కొండ మొదలయ్యాక కోడలు యాభై దాటించింది. అరవై. ఎడమ మలుపు. ఇంకో ఎడమ మలుపు. సీటు మీద అరచెయ్యి ఆనించి చూడబోయాను. తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఎలా ఉందే అమ్మాయ్?" అని అడిగాను.

అద్దంలో నా కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపింది. లేదు. ఏ శబ్దమూ లేదు. మాస్టారు కూడా వేలితో సున్నా చుట్టాడు. సరే, లేదన్నమాట.

తర్వాత ముందు సీట్లోంచి ఏదో అంది. వెనక అందరూ నవ్వారు. అలవాటుకొద్దీ నేనూ నోరు తెరిచాను నవ్వడానికి. ఏడాదిగా అలా ఎన్ని నవ్వులు నవ్వానో, వేటికి నవ్వానో నాకే తెలియదు. నోరు మూసి అడిగాను. "ఏమన్నావ్? వినబడలా."

బండి నెమ్మది చేసింది. "రోడ్డు గురించన్నా మామయ్యా, మీ గురించి కాదు. ఈ గుంట వేసవిలోనూ ఇక్కడే ఉంది, ఇల్లు కట్టుకుందేమో అన్నా."

అంత గొప్ప జోకేం కాదు. అయినా నవ్వాను.

ఆసుపత్రి వచ్చేదాకా ఇంకో నాలుగుసార్లు అడిగాను, ఏమన్నావ్ అని. నాలుగుసార్లూ విసుక్కోకుండా చెప్పింది. ఐదోసారి వినబడింది. అయినా అడిగాను.